అక్క పెట్టె తెరిచిన మధ్యాహ్నం

మా అక్క పెట్టెను ఆమె ఎదురుగా లేనప్పుడు తెరిచినవాడిగా నా పేరు ఒకచోట నమోదై ఉంది. దాన్ని నేను చెరపలేను. ఎవరూ చెరపలేనట్టు కట్టింది నేనే. కట్టిన కొత్తలో ఆ మాట కనిపించిన ప్రతివాడికీ చెప్పి గర్వపడ్డాను కూడా.

పెట్టె అంటే చెక్కదీ ఇనుపదీ కాదు, ఫోన్‌లో ఉండేది. ఆర్మూరు చుట్టుపక్కల పసుపు రైతులు కలిసి పెట్టుకున్న ఒక సంఘానికి నేను కంప్యూటర్ పనులు చూస్తాను. ఆఫీసు ఒక పసుపు గోదాము పైన ఉన్న గది. దాని పక్క గదిలో నేను ఉంటాను. పెళ్లి నిలబడలేదు. ఇంట్లో నేనొక్కణ్ణే. సీజనులో కింద బస్తాలు దింపుతుంటే మెట్ల మీద, కిటికీ రెక్కల మీద, అన్నం గిన్నె మూత మీద కూడా పచ్చటి పొడి సన్నగా పేరుకుంటుంది. ఎన్నిసార్లు ఉతికినా నా చొక్కాల కాలర్లు పచ్చగానే ఉంటాయి.

సంఘంలో చేరిన రైతుల కాగితాలన్నీ మా ఆఫీసుకే వచ్చేవి. పాసుపుస్తకాల నకళ్లు, మట్టి పరీక్షలు, పసుపులో రంగు ఎంత ఉంది, మందుల అవశేషం ఎంత ఉంది అని ల్యాబ్ వాళ్లిచ్చే రిపోర్టులు. ఈ రిపోర్టుల మీదే అందరికీ దిగులు. సరుకు మార్కెట్ యార్డుకు రాకముందే రిపోర్టు కొనేవాడి చేతికి చేరిందంటే బేరం అక్కడే చల్లబడిపోతుంది. ఒక మీటింగులో ముప్కాల్ వైపు రైతు ఒకాయన లేచి అడిగాడు.

"సారూ, మా కాగితాలు నీ కంప్యూటర్ల వెట్టినంక గవి మాయా, నీయా?"

"మీవే," అన్నాను.

"మాయే అయితే నువ్వు చూడకుంట ఆపుడు నాతోని అయితదా?"

అందరూ నవ్వారు. నాకు జవాబు దొరకలేదు. ఆ ప్రశ్న వెంట పోయే ఈ పనిలోకి దిగాను.

చాలా రోజులు నేర్చుకుని, ఒక పద్ధతి కట్టాను. ఒక్కో రైతుకు ఒక్కో పెట్టె. తాళంచెవి ఆ రైతు ఫోన్‌లోనే ఉంటుంది. తాళంచెవి లేనివాడికి లోపలి కాగితం పిచ్చిగీతల్లా కనిపిస్తుంది. పెట్టెను ఎవరు తెరిచారో, ఎప్పుడు తెరిచారో ఆ సంగతి మాత్రం బ్లాక్‌చెయిన్‌లోకి పోతుంది. అంటే ఒకే మాటను వేర్వేరు చోట్ల ఉన్న కంప్యూటర్లన్నీ ఒకేసారి రాసుకుంటాయి, ప్రతి మాటనూ దాని ముందు మాటతో ముడివేస్తాయి. నా కంప్యూటర్‌లో నేనొక మాట చెరిపినా మిగతా చోట్ల అది అట్లాగే ఉంటుంది, ముడి కలవక నా పని బయటపడుతుంది. ఆ నమోదును చదివే హక్కు పెట్టె సొంతదారుకే ఉంది.

మా సభ్యుల్లో సగానికి సగం మందికి టైపు చేయడం రాదు. అందుకని దీనికి ఒక ఏఐ సహాయకురాలిని తగిలించాను. ఫోన్ పట్టుకుని తెలుగులో అడిగితే చాలు. అది కాగితాలను తన దగ్గర దాచుకోదు. పెట్టె దగ్గరికి పోతుంది, సొంతదారు వేలిముద్ర పెట్టి సరే అంటే తెరుస్తుంది, చదివి అర్థం చెబుతుంది, మళ్లీ మూసేస్తుంది. అట్లా చదివి చెబుతుంది కాబట్టి కొందరు ఇంటి కాగితాలు, దవాఖాన కాగితాలు కూడా అందులోనే పెట్టుకునేవాళ్లు.

ఈ నియమాన్ని నేను యార్డులో చూసి నేర్చుకున్నాను. రైతు రాశి పోసి చాయ్ తాగడానికి పోయాడనుకోండి. ఖరీదుదారు వచ్చి రాశి పక్కన నిలబడతాడు గానీ చెయ్యి పెట్టడు. మనిషి తిరిగి వచ్చాక, అతని కళ్లెదురుగానే ఒక పసుపు కొమ్ము తీసి విరిచి లోపలి రంగు చూస్తాడు. ఎంత పెద్ద సేటైనా అంతే. సంఘం వాళ్లకు బ్లాక్‌చెయిన్ గురించి చెప్పేటప్పుడు ఈ పోలికే చెప్పేవాణ్ణి. వెంటనే అర్థమయ్యేది.

మా అక్కది దొంకేశ్వర్ దగ్గర ఊరు. బావ పోయాక సేద్యం ఒక్కతే చూసుకుంటోంది. నాకంటే చాలా పెద్దది. మా అమ్మ జబ్బుపడి పోయినప్పుడు నేను బడికి పోతున్నాను. ఆ తర్వాత నన్ను పెంచింది అక్కే, బీడీలు చుట్టి. ఇప్పటికీ పొలం పని లేని రోజుల్లో చాట ఒళ్లో పెట్టుకుని పక్కింటి వదినతో కలిసి అరుగు మీద కూర్చుంటుంది. ఆ వదిన కూడా సంఘంలో సభ్యురాలే.

సహాయకురాలు మా అక్కకు తెగ నచ్చింది. దాని గొంతు ఆడగొంతు కాబట్టి దాన్ని 'గా పిల్ల' అనేది.

"తమ్మీ, నీ పిల్ల మస్తు ఓపికది రా. అడిగిందే అడిగినా ఇసుక్కోదు. గని గదేం మాటరా, రేడియోల వార్తలు చదివినట్టు. మనూరి మాట నేర్పరాదూ?"

"నేర్చుకుంటది అక్కా, నువ్వు మాట్లాడుతుంటే."

"నా మాట నేర్సుకుంటే తిట్లు గూడ నేర్సుకుంటది. తర్వాత నన్ననొద్దు."

ఫోన్ పోతే, పాడైతే పెట్టె ఎట్లా తెరవాలి? దానికోసం ప్రతి సభ్యుడూ ఒక రెండో మనిషి పేరు ఇవ్వాలని పెట్టాను. ఆ రెండో మనిషి ఒక్కడే తెరవలేడు, సొంతదారు కూడా పక్కనుండి సరే అనాలి. చాలామంది కొడుకు పేరో అల్లుడి పేరో ఇచ్చారు. అక్క ఏమీ ఆలోచించకుండా నా పేరు ఇచ్చింది.

కానీ పద్ధతిని పరీక్షించే రోజుల్లో నేనొక దొడ్డిదారి పెట్టుకున్నాను. ప్రతిసారీ సొంతదారును పిలిచి వేలు పెట్టించడం కష్టంగా ఉండి, రెండో మనిషి చెబితే చాలు తెరిచేలా సహాయకురాలికి ఒక అనుమతి ఇచ్చాను. పరీక్షలు అయిపోయాక దాన్ని తీసేయాలి. తీయలేదు. మరిచిపోయానని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఎప్పుడైనా అవసరం పడుతుందేమో అనుకుని ఉంచుకున్నాను. తెరవగలిగే శక్తి చేతిలో ఉండటం నాకు బాగుండేది.

పసుపు తవ్వి ఉడకబెట్టే రోజులు వచ్చాయి. అక్క ఒక మీటింగుకు రాలేదు, ఇంకోదానికీ రాలేదు. ఫోన్ చేస్తే పని ఉందంది. ఒకరోజు ఆఫీసులో కూర్చుని ఎవరి పెట్టెలో ఎన్ని కాగితాలు చేరాయో చూస్తున్నాను. లోపల ఏముందో నాకు కనబడదు, ఏ రకం కాగితమో మాత్రం తెలుస్తుంది. అక్క పెట్టెలో కొత్త కాగితం ఉంది. రకం దగ్గర 'దవాఖాన' అని ఉంది.

అప్పుడే ఫోన్ చేశాను.

"అక్కా, పానం మంచిగుందా?"

"నాకేమైతది? మోకాళ్లు గుంజుతున్నయి. గంతే."

"దవాఖానకు పోయినవా?"

వెనక బాయిలర్ చప్పుడు వినబడింది.

"పసుపు ఉడుకుతుంది తమ్మీ. మల్ల మాట్లాడ్త," అని పెట్టేసింది.

అక్కడితో ఊరుకోవాల్సింది. ఆమె చెప్పకూడదనుకుంది, అది నాకు స్పష్టంగా తెలిసింది. అన్నం తిన్నాను, చెయ్యి కడుక్కున్నాను, వచ్చి కుర్చీలో కూర్చున్నాను. కింద హమాలీలు బస్తాల మీద నడుం వాల్చి నిద్రపోతున్నారు. అంతా నిశ్శబ్దంగా ఉంది. రెండో మనిషిగా ఆ కాగితం తెరవమని సహాయకురాలికి చెప్పాను.

"సొంతదారు ఆమోదం లేదు. అయినా తెరవమంటారా? తెరిస్తే అది నమోదవుతుంది," అంది.

"తెరువు," అన్నాను.

చదివి చెప్పింది. రొమ్ములో గడ్డ. సూదితో ముక్క తీసి పరీక్ష చేశారు. పరీక్షలో వచ్చింది క్యాన్సరే. ఏ దశ అనుకుంటున్నారో, ఇంకా ఏ పరీక్షలు కావాలో అన్నీ మెల్లగా, మట్టి పరీక్ష ఫలితం చెప్పిన గొంతుతోనే చెప్పింది. ఇంకేమైనా తెలుసుకోవాలా అని అడిగింది. వద్దన్నాను.

ఆ మధ్యాహ్నం నేను ఏడవలేదు. ఇది చెప్పాలి. ఏడవడానికి బదులు పనిలో పడ్డాను. హైదరాబాదులో ఉన్న తెలిసినవాళ్లకు ఫోన్లు చేసి, పేరు చెప్పకుండా వివరం చెప్పి, ఒక పెద్ద డాక్టరు దగ్గర మర్నాటికే సమయం తీసుకున్నాను. కారు మాట్లాడాను. నాకు లోపల ఒకలాంటి ఉత్సాహం కూడా కలిగింది. ఇన్నాళ్లూ అక్క నన్ను సాకింది, ఇక నేను అక్కను కాపాడబోతున్నాను. ఆమె ఏమనుకుంటుందో అన్న ఆలోచనే నాకు రాలేదు.

పొద్దున్నే వాళ్ల ఊరు చేరాను. అక్క కళ్లంలో ఉంది. ఉడికిన పసుపు పొగలు కక్కుతుంటే ఆమె, వదిన కలిసి పారలతో పరుస్తున్నారు. అక్క ఎడమ చెయ్యిని ఒంటికి దగ్గరగా పెట్టుకుని, కుడి చేత్తోనే పార లాగుతోంది. అంతకుముందు చూసుంటే నాకు ఏమీ తోచేది కాదు.

"ఏం రా, పొద్దుగాల్నే ఊడిపడ్డవ్? ఆఫీసుకు తాళం వెట్టిన్రా?"

"నిన్ను చూడబుద్ధయింది అక్కా."

"అబ్బో! వారం పొద్దులు ఫోన్ జేయనోనికి నన్ను చూడబుద్ధయిందట, విన్నవా వదినే? గా కారేంది?"

"హైదరాబాద్ పోదాం. మంచి డాక్టర్ ఉన్నడు. మోకాళ్లన్నవ్ గదా."

వదిన పార ఆపి నవ్వింది. "తమ్ముడంటే గట్లుండాలె. మా తమ్ముడు మోకాళ్లంటే బామ్ డబ్బ గూడ తేడు. నువ్వు కారే తెచ్చినవ్."

అక్క నవ్వలేదు. "మోకాళ్లకు హైదరాబాద్ ఎందుకు రా?" అంది.

నాకు అబద్ధం చెప్పడం రాదు. "నిజామాబాద్ల దవాఖాన కాడ నిన్ను ఎవరో చూసిన్రట," అన్నాను.

"ఎవరు?"

"ఎవరో. పేరు తెల్వదు."

అక్క నన్ను కాసేపు చూసింది. పార కింద పెట్టింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని, నడుముకు కట్టుకున్న సంచిలోంచి ఫోన్ తీసింది. నా ముందే, నా కళ్లలోకి చూస్తూనే అడిగింది.

"పిల్లా, నా దవాఖాన కాగితం నేను గాకుంట ఎవరన్న చూసిన్రా?"

"మీరు కాక మరొకరు తెరిచారు," అంది సహాయకురాలు. "మీరు పెట్టుకున్న రెండో మనిషి. నిన్న మధ్యాహ్నం. మీ ఆమోదం లేకుండా తెరిచారు."

ఇంత స్పష్టంగా చెప్పేలా దాన్ని తయారుచేసింది నేనే. అడిగితే దాచకూడదు, తిప్పి చెప్పకూడదు అని రోజుల తరబడి దానికి నేర్పాను. పసుపు ఆవిరి మొహానికి కొడుతోంది. నేను వదిన వైపు చూశాను, ఆమె ముందు ఈ సంగతి బయటపడిందే అని.

"ఆమెను చూడకు," అంది అక్క. "ఆమెకు ఎరుకే. నేనే చెప్పిన. నా నోటితోని చెప్పిన. నిజామాబాద్ నా ఎంబడి వచ్చింది ఆమెనే."

"అక్కా, నాకు బుగులై, భయమై..."

"నాకు గాలేదా బుగులు?"

వదిన పార పట్టుకుని కళ్లం అవతలి చివరకు పోయింది.

"పసుపు ఉడుకుడు అయినంక ఆర్మూరు వద్దామనుకున్న," అంది అక్క. కోపంగా అనలేదు, అలసటగా అంది. "నీ గదిల కూసొని నీకు చెప్పాలనుకున్న. ఎట్ల మొదలువెట్టాల్నో గూడ అనుకున్న. నువ్వు ఏడుస్తవ్, ఏడిస్తే ఏమనాల్నో గది గూడ అనుకున్న. బస్సుల అనుకున్న, పసుపు పరుచుకుంట అనుకున్న. గిప్పుడు గదంత నేనేం జేసుకోవాలె?"

అక్క కళ్లంలో పరిచిన పసుపు వైపు చెయ్యి చూపింది.

"యార్డుల రాశి మీద మనిషి లేకుంటే సేటు గూడ చెయ్యి వెట్టడని మీటింగుల చెప్పింది నువ్వే. నేను చప్పట్లు గూడ కొట్టిన. నువ్వే వెడితివి చెయ్యి. తమ్మునివై."

ఆ తర్వాత ఎందుకు దాచిందో చెప్పింది. మా అమ్మ సంగతి. అమ్మ జబ్బుపడ్డప్పుడు పలకరించడానికి రోజూ జనం వచ్చేవాళ్లు, బిస్కెట్ పుడలు పట్టుకుని. వచ్చిన ప్రతివాళ్లూ ఏడ్చేవాళ్లు. వాళ్లను ఓదార్చేది అమ్మే, లేచి చాయ్ పెట్టేదీ అమ్మే. "పలకరించొచ్చినోళ్లకు చాయ్ పోసీ పోసీ అమ్మ సచ్చింది. రోగానికి గాదు," అంది అక్క. అది ఆమె ఎప్పుడూ చెప్పే మాటే. ఎప్పుడూ నవ్వుతూ చెప్పేది.

ఫోన్ మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"పిల్లా, నా రెండో మనిషిని మార్చు."

ఎవరి పేరు పెట్టాలని అది అడిగింది. అక్క వదినను పిలిచింది. వదిన వచ్చి, పసుపంటిన వేలు చీరకు రుద్దుకుని ఫోన్ మీద పెట్టింది. ఒకసారి పడలేదు. మళ్లీ తుడుచుకుని పెట్టింది. ఆ పని సాగినంతసేపూ నేను అక్కడే నిలబడ్డాను. కొత్త సభ్యులకు ఎప్పుడూ నేనే దగ్గరుండి చూపించే పని అది.

"కిరాయి కారు ఎందుకు నిలవెట్టినవ్? పంపియ్యి," అంది అక్క. "నేను పోత. ఎక్కడ్కి పోవాల్నో, ఎప్పుడు పోవాల్నో చూసుకుంట. నువ్వు రాకు."

తిని పొమ్మని అనలేదు. ఆ ఇంటి నుంచి నేను తినకుండా వెనక్కి వచ్చింది అదే మొదలు.

ప్రేమతోనే చూశానని తిరిగొచ్చే దారంతా అనుకున్నాను. ప్రేమ లేదనను. కానీ ఆ కుర్చీలో కూర్చున్న మనిషిని నేను ఎరుగుదును. నాకు తెలియనిది ఒకటి అక్క దగ్గర ఉందన్న సంగతి వాడు భరించలేకపోయాడు. పెళ్లయిన రోజుల్లో నా భార్య స్నానానికి పోతే ఆమె ఫోన్ తీసి చూసిన మనిషీ వాడే. ఆమె ఫోన్‌లో ఏమీ ఉండేది కాదు. వాళ్లమ్మతో కూరల గురించి మాట్లాడుకున్న మాటలు తప్ప. ఏమీ లేకపోయినా మళ్లీ చూసేవాణ్ణి. ఆమె వెళ్లిపోతూ అన్న మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. "మీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగలనియ్యరు," అంది.

ఆఫీసుకు రాగానే దొడ్డిదారిని మూసేశాను. కానీ మూసి ఊరుకుంటే అది ఉండేదని ఎవరికీ తెలియదు. తరువాతి మీటింగులో లేచి చెప్పాను. నేనొక అనుమతి పెట్టుకున్నానని, తీసేయకుండా ఉంచానని, దాంతో ఒక పెట్టె తెరిచానని.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక గోల మొదలైంది.

"అంటే గిన్నొద్దులు మా ఇంటికి తలుపే లేదా?"

"తలుపున్నది గని సారు కాడ దొంగ తాళంచెవి ఉన్నది!"

"ఎవరి పెట్టె తెరిచినవో చెప్పు," అన్నాడు సంఘం అధ్యక్షుడు.

"చెప్పలేను."

"తెరిచినప్పుడు సిగ్గులేదు గని చెప్పెతందుకు సిగ్గయితుందా?"

ఎవరో తన ఫోన్ తీసి సహాయకురాలిని అడిగాడు. అతన్ని చూసి అందరూ తీశారు. గదిలో అన్ని ఫోన్లలోంచీ అదే గొంతు, ఒకదాని మీద ఒకటి, "మీ పెట్టెను ఎవరూ తెరవలేదు," అంటోంది. పసుపు ఉడికే రోజులు కాబట్టి చాలామంది రాలేదు. అక్క రాలేదు. వదిన వచ్చింది. వెనక వరసలో కూర్చుని, తన ఫోన్ తీయకుండా నన్నే చూస్తోంది.

"రానోళ్లదేదో తెరిచిండు," అన్నాడు ముప్కాల్ రైతు. "ల్యాబు రిపోర్టు సేటుకు అమ్ముకున్నవ్. ఎంత ఇచ్చిండు సారూ?"

"అమ్మలేదు. రిపోర్టు కాదు."

"మరి ఊకెనే చూసినవా? అమ్ముకునేటోడే నయం, గాయనకు ఏం గావాల్నో ఎరుక. ఊకెనే చూసేటోన్ని ఎట్ల నమ్ముడు?"

ఆయనకు నేను ఏమీ చెప్పలేకపోవడం ఇది రెండోసారి. ఒక్క మాట చెబితే నా మీద ఆ అనుమానం పోతుంది. మా అక్క పెట్టె, మా అక్కకు బాగాలేదు అంటే గదిలో సగం మంది నన్ను క్షమించేవాళ్లు. మర్నాటి నుంచి వాళ్లంతా బిస్కెట్ పుడలతో దొంకేశ్వర్ దారి పట్టేవాళ్లు కూడా. నోరు మూసుకుని నిలబడ్డాను.

ఇక మీద నేను ఏ మార్పు చేయాలన్నా ఇద్దరు సభ్యులు వేలు పెట్టాలని తీర్మానించారు. అది మంచి తీర్మానం. మొదటి రోజే నేను పెట్టాల్సింది. పనిలోంచి తీసేయలేదు, వేరే మనిషి దొరకక. కానీ పొద్దున పైకి వచ్చి కాసేపు కూర్చుని పోయేవాళ్లు రావడం మానేశారు. చాయ్ తెచ్చే హోటలాయన గ్లాసు మెట్ల మీద పెట్టి కేకేసి పోతున్నాడు. కింద గోదాములో అడ్తి వ్యాపారి మాత్రం నన్ను చూసి కన్నుకొట్టాడు. "మాకన్న జెప్పకపోతివి సారూ. పైసలు మేమే ఇత్తుంటిమి గదా." అతని నవ్వే అన్నిటికంటే కష్టంగా తోచింది. అతను నన్ను తనలాంటివాడిగా అనుకుని స్నేహంగానే నవ్వాడు.

ఒకరోజు ఉండబట్టలేక వాళ్ల ఊరు పోతే అక్క ఇంటికీ వదిన ఇంటికీ తాళాలు ఉన్నాయి, ఇద్దరూ హైదరాబాద్ పోయారని ఎదురింటివాళ్లు చెప్పారు. ఏ దవాఖానో తెలియదు. ఆపరేషన్ అయిందో లేదో తెలియదు. ఆఫీసులో పనేమీ తోచక సహాయకురాలిని ఆ జబ్బు గురించి అడిగేవాణ్ణి. ఆపరేషన్ తర్వాత చెయ్యి ఎంతకాలం లేపకూడదు, జుట్టు ఎప్పుడు రాలుతుంది, ఏం తినబుద్ధవుతుంది. అన్నీ ఓపికగా చెప్పేది. ఒకసారి నోరు జారి అడిగాను.

"మా అక్క ఎట్లా ఉంది?"

"ఆ వివరం నేను చెప్పలేను. ఆ పెట్టెకు మీకు అనుమతి లేదు," అంది.

సరిగ్గానే పనిచేస్తోంది. కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఎండకు గుట్ట మీది బండలు తెల్లగా మెరుస్తున్నాయి. కింద లారీలోకి బస్తాలు ఎక్కుతున్నాయి. నాతో మాట్లాడవలసిన మనిషి ఆ వీధిలో ఒక్కరూ కనబడలేదు.

ఎండలు ముదిరాక ఒకరోజు అక్క నుంచి ఫోన్ వచ్చింది. గొంతు సన్నబడింది.

"నువ్వు మీటింగుల నా పేరు చెప్పలేదట."

"లేదు."

"దొంగవన్నరట గదా."

"అన్నరు."

"వదిన చెప్పింది. బండి నడుపుడు వస్తది గదా నీకు?"

"వస్తది అక్కా."

"సోమారం నిజామాబాద్ పోవాలె, చూపించుకునెతందుకు. బస్సుల కుదుపుకు తట్టుకుంటలేను. వదిన, నేను లోపలికి పోతం. నువ్వు బైటనే ఉండాలె."

"ఉంట."

"ఏం జెప్పిన్రని అడుగద్దు."

"అడుగ."

తెలిసినాయన కారు అడిగి తీసుకుని పోయాను. అక్క తలకు కొంగు చుట్టుకుని వచ్చింది. చాలా చిక్కిపోయింది. నన్ను చూసి, "అన్నం వండుకుంటున్నవా, హోటల్ల తింటున్నవా?" అని మాత్రం అడిగింది. వదిన ఆమెను వెనక సీట్లో కూర్చోబెట్టింది.

దవాఖాన గేటు బయట వేపచెట్టు నీడలో కారు పెట్టి కూర్చున్నాను. వచ్చేవాళ్లు వస్తున్నారు, పోయేవాళ్లు పోతున్నారు. ఒక ముసలాయన నా కారు అద్దం పట్టుకుని, "మనోళ్లకు ఏమైంది బిడ్డా?" అని అడిగాడు. "తెల్వదు," అన్నాను. నిజమే చెప్పాను. ఆయన నన్ను అదోలా చూసి పోయాడు.

ఎండ నడినెత్తి దాటాక వాళ్లు బయటికి వచ్చారు. వదిన మొహంలో ఏముందో చూడబోయి, తల తిప్పుకున్నాను. వెనక మందుల సంచి, నీళ్ల సీసా, దిండు అన్నీ పెట్టుకోగా జాగా లేక అక్క చేతిలోని కవరును ముందు సీట్లో, నా పక్కన పడేసింది. అతికించని కవరు. లోపలి కాగితాల అంచులు బయటికి వచ్చి ఉన్నాయి.

"పోనీ," అంది.

ఆర్మూరు రోడ్డు ఎక్కాం. వెనక వాళ్లిద్దరూ పసుపు రేటు గురించి, ఈసారి విత్తనానికి ఎంత ఉంచాలన్న దాని గురించి మాట్లాడుకుంటున్నారు. వచ్చే పంట గురించి మాట్లాడుతోంది కదా అని నాకు ఆశ కలిగింది. మా అక్క ఏ స్థితిలో ఉన్నా విత్తనం గురించే మాట్లాడుతుందని కూడా గుర్తొచ్చింది. కళ్లు రోడ్డు మీదే ఉంచాను.

ఒకచోట బర్రెలు అడ్డం వచ్చి బ్రేకు గట్టిగా తొక్కాల్సి వచ్చింది. కవరు జారి కింద పడింది. కాగితాలు నా కాళ్ల దగ్గరి దాకా పరుచుకున్నాయి. బండి పక్కకు తీసి ఆపాను.

"అక్కా, నీ కాగితాలు కింద పడ్డయి."

"తీసి వెట్టు."

"నేను తియ్య. నువ్వు దిగు."

"గిప్పుడు నన్ను దిగుమంటవా? పానం బాగలేనోళ్లను?" అంది. వదిన తాను దిగుతానంటే అక్క వద్దంది. నేను బయటికి వచ్చి, రోడ్డు వైపు మొహం పెట్టి నిలబడ్డాను. అక్క దిగడం, ముందు తలుపు తెరవడం, వంగలేక వంగుతూ మూలగడం వినబడ్డాయి. కాగితాలు ఒక్కొక్కటే ఏరడానికి చాలాసేపు పట్టింది. తిరగలేదు.

"అయింది. ఎక్కియ్యి మరి," అంది.

అప్పుడు తిరిగాను. కుడి చెయ్యి చాపింది. పట్టుకుని వెనక సీట్లోకి ఎక్కించాను. ఆమె కాగితాల మీది మట్టిని కొంగుతో తుడిచి, కవరులో పెట్టి, ఒళ్లో ఉంచుకుని వదినతో అంది.

"విత్తనం మండ ఈసారి ఎక్కువ ఉంచుదాం. ఇసొంటి ఎండలకు సగం ఎండిపోతది."

నేను బండి కదిలించాను.